ఎవరూ కొలవని బిందువు

జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు చెల్కల్లో సజ్జ వేసే రైతుకు గింజ స్వభావం బాగా తెలుసు. మిరుగు కార్తెలో ఒక మంచి వాన పడి నేల వెచ్చగా ఉంటే రెండు మూడు రోజులకే మొలక పైకి కనిపిస్తుంది. అదే గింజను చలి రోజుల్లో వేస్తే ఎదురుచూసి ఎదురుచూసి విసుగొస్తుంది. వేడి పెరిగితే గింజ తొందరగా మొలుస్తుందన్నమాట. కానీ రోళ్లు పగిలే రోహిణిలో ఒక అకాల వానకు ఆశపడి విత్తితే ఈ లెక్క తిరగబడుతుంది. తడి ఉంటుంది, వేడికి కొదవే లేదు, అయినా మొలకలు ఆలస్యంగా, పలచగా వస్తాయి.

అంటే చలికీ మండే ఎండకూ నడుమ ఎక్కడో ఒకచోట సజ్జ గింజకు అన్నిటికంటే నచ్చే వేడి ఉంది. అది ఎంత?

ఒక్కో డిగ్రీ దగ్గర గింజలు పెట్టి చూస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. చిక్కు అక్కడే ఉంది. బాగా నచ్చే వేడికి ఒక డిగ్రీ అటూ ఇటూ జరిగితే మొలిచే సమయంలో తేడా ఒకటి రెండు గంటలే. ఒకే చోట, ఒకే తడిలో పెట్టిన గింజల్లోనే మొదటిది మొలిచాక చివరిది మొలవడానికి అంతకంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. మనకు కావలసిన తేడా ఆ గందరగోళంలో కలిసిపోతుంది. ఏ చోటును తెలుసుకోవాలనుకుంటున్నామో, సరిగ్గా ఆ చోటే చూపు మసకబారుతుంది.

దీనికి విరుగుడు, ఆ చోటును వదిలేసి దూరంగా నిలబడి కొలవడం. అటు నాలుగు కొలతలు, ఇటు నాలుగు కొలతలు తీసుకుని రెండు సరళరేఖలు గీసి, అవి ఎక్కడ కలుస్తాయో లెక్క కట్టడం. బళ్లో మార్కుల కోసం నేర్చుకుని మరిచిపోయే ఈ చిన్న బీజగణితం, కంటికి కనపడని బిందువును పట్టి ఇస్తుంది.

గంటలు లెక్కపెడితే వంకర, వేగం లెక్కపెడితే తిన్నన

సజ్జ గింజల మీద ఈ పనిని పద్ధతిగా చేసి 1982లో ప్రచురించినవారు ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన గార్సియా-హూయిదోబ్రో, జాన్ మాంటీత్, స్క్వైర్. పంట పొలం నుంచి నీరు ఎంత ఆవిరవుతుందో చెప్పే సూత్రంలో పెన్మన్ పేరు పక్కన వినిపించే మాంటీత్ ఈయనే. 1980ల చివర్లో ఆయన పటాన్‌చెరుకు వచ్చి అక్కడి అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో వనరుల నిర్వహణ కార్యక్రమాన్ని నడిపించారు. 1972లో పుట్టిన ఆ సంస్థ తన పరిశోధనకు ఎంచుకున్న మెట్ట పంటల్లో సజ్జ ఒకటి.

ఇలాంటి ప్రయోగాలకు వాడే పరికరం ఒక లోహపు పలక. దాని ఒక అంచును చల్లబరుస్తారు, ఎదుటి అంచును వేడి చేస్తారు. నడుమ వేడి క్రమంగా పెరుగుతూ పోతుంది. పలక మీద తడి కాగితం, కాగితం మీద వరుసలుగా గింజలు. కొన్ని గంటలకొకసారి వచ్చి చూడాలి. పొట్టు చీల్చుకుని తెల్లటి వేరు మొన బయటపడ్డ గింజల్ని లెక్క రాసుకుని ఏరి పక్కన పెట్టాలి. రాత్రీ పగలూ ఇదే పని.

ఇప్పుడు అంకెలు చూద్దాం. లెక్క సులువుగా సాగాలని వీటిని నేను గుండ్రంగా సరిచేసుకున్నాను. 20 డిగ్రీల దగ్గర గింజకు 62 గంటలు పట్టింది. 24 దగ్గర 42 గంటలు. 28 దగ్గర 31 గంటలు. మొదటి నాలుగు డిగ్రీలకు 20 గంటలు కలిసొచ్చాయి, తర్వాతి నాలుగు డిగ్రీలకు 11 గంటలే. కాగితం మీద చుక్కలు పెడితే వంకర గీత వస్తుంది. వంకర గీతలు ఎక్కడ కలుస్తాయో చెప్పడం కష్టం.

అందుకే ప్రశ్నను మార్చాలి. ఎన్ని గంటలు పట్టింది అని కాకుండా, గంటకు ఎంత పని అయింది అని అడగాలి. మొలవడం అనే మొత్తం పనిని 1000 వంతులు అనుకుందాం. 62 గంటల్లో పూర్తయితే గంటకు 16 వంతులు. 42 గంటలైతే 24 వంతులు. 31 గంటలైతే 32 వంతులు. 16, 24, 32. ప్రతి నాలుగు డిగ్రీలకూ ఎనిమిదేసి చొప్పున పెరిగాయి. వంకర గీత ఒక్కసారిగా తిన్నగా నిలబడింది! నా మటుకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే తెలివైన అడుగు ఇదే. తర్వాతి బీజగణితం దీని వెంట నడుస్తుంది, అంతే.

వేడి వైపు కూడా ఇదే తంతు, దిశ మాత్రం ఎదురు. మన అంకెల్లో 38 డిగ్రీల దగ్గర వేగం గంటకు 28 వంతులు, 42 దగ్గర 12. ఒక్కో డిగ్రీకి నాలుగు వంతులు పడిపోతోంది. చల్లని వైపు వేడి పెరిగేకొద్దీ గింజ లోపలి ఎంజైములు చురుకవుతాయి, లోపల దాచుకున్న పిండి పదార్థం వేగంగా చక్కెరగా మారి పిండానికి అందుతుంది. ఒక హద్దు దాటాక ఆ ఎంజైముల ఆకృతే చెడడం మొదలవుతుంది. ఎక్కడమూ దిగడమూ వేర్వేరు కారణాల వల్ల జరిగేవి కాబట్టే రెండు వేర్వేరు గీతలు కావాలి.

| గ్రాఫు గీయకుండా కలిసే చోటు |
|---|
| ముంబయి రహదారి మీద సంగారెడ్డి నుంచి ఒక బస్సు, పటాన్‌చెరు నుంచి ఒక లారీ ఎదురెదురుగా బయల్దేరాయి. ఎప్పుడు ఎదురుపడతాయి? రోడ్డు పక్కన నిలబడి చూడక్కర్లేదు. మధ్య ఉన్న దూరాన్ని, గంటకు ఆ దూరం ఎంత తరుగుతుందో దానితో భాగిస్తే చాలు. |
| మన గీతలకూ అదే పద్ధతి. 28 డిగ్రీల దగ్గర ఆగుదాం. ఎక్కే గీత ఎత్తు అక్కడ 32. దిగే గీతను వెనక్కి పొడిగిస్తే? 38 దగ్గర దాని ఎత్తు 28. వెనక్కి వచ్చే ప్రతి డిగ్రీకీ 4 కలుస్తుంది, పది డిగ్రీలకు 40. కాబట్టి 28 డిగ్రీల దగ్గర దాని ఎత్తు 68. రెంటి మధ్య ఎడం 36. |
| ఒక డిగ్రీ ముందుకు జరిగితే ఒక గీత 2 ఎక్కుతుంది, రెండోది 4 దిగుతుంది. ఎడం 6 తరుగుతుంది. 36ను 6తో భాగిస్తే 6. అంటే 28కి 6 డిగ్రీలు కలిపి 34 దగ్గర రెండూ కలుస్తాయి. |
| సరిచూద్దాం. ఎక్కే గీత: 32కు 12 కలిపితే 44. దిగే గీత: 68 నుంచి 24 తీసేస్తే 44. ఎత్తులు సమానం. 34 డిగ్రీల దగ్గర మనం ఒక్క గింజ కూడా పెట్టలేదు. |

పదో తరగతి గణితంలో ‘రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత’ అనే పాఠం చెప్పేది ఈ పనే. కలిసే చోట రెండు గీతల ఎత్తూ ఒకటే కాబట్టి ఒక దాని ఎత్తును రెండో దాని ఎత్తుతో సమానం అని రాస్తారు. దాంతో తెలియని రెండింటిలో ఒకటి జారిపోతుంది, ఒక్కటే మిగులుతుంది. అది దొరికాక రెండోది వెనకే వస్తుంది.

అసలు ప్రయోగంలో సజ్జ వేగం సుమారు 12 డిగ్రీల దగ్గర సున్నా నుంచి మొదలై, 33-34 డిగ్రీల దగ్గర శిఖరం చేరి, 45-47 డిగ్రీల మధ్య మళ్లీ సున్నాకు దిగింది. ఆ రెండు సున్నాలు కూడా కలిసే బిందువులే. ఒక్కో చోట ఒక్కో గీత నేలగీతను తాకుతుంది. 12 డిగ్రీల చలిలో గింజ మొలుస్తుందా అని నెలల తరబడి కాపలా కాసి తేల్చడం ఎవరికైనా కష్టం. గీత మాత్రం ఆ జవాబును ఇట్టే చెబుతుంది.

మాదీఫలాలు, వెలగపండ్లు

రెండు గీతల బొమ్మ కంటే ఈ లెక్క చాలా పాతది. సుమారు 850 ప్రాంతంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, జైన గణితవేత్త మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో మనకు తెలిసిన తొలి గణిత గ్రంథం అదే.

మహావీరుడి లెక్కల్లో ఒకటి ఇలా ఉంటుంది: 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి ధర 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిపి 101. ఒక్కో పండు ఎంత?

రెండు మాటల్నీ కలిపితే 16 మాదీఫలాలు, 16 వెలగపండ్లు 208 అవుతాయి. అంటే ఒక్కోటి కలిపి జతకు 13. ఒకదాన్నుంచి ఇంకొకటి తీసేస్తే 2 మాదీఫలాలకూ 2 వెలగపండ్లకూ తేడా 6, అంటే పండుకు 3 తేడా. కలిపితే 13, తేడా 3. మాదీఫలం 8, వెలగపండు 5.

దీనికీ గీతలకూ సంబంధం ఏమిటి? మొదటి మాట ఒక్కటే తెలిస్తే జవాబులు బోలెడు. మాదీఫలం 1, వెలగపండు 14 అయినా లెక్క సరిపోతుంది. అలాంటి జతలన్నిటినీ కాగితం మీద చుక్కలుగా పెడితే అవన్నీ ఒక సరళరేఖ మీద వరుస కడతాయి. రెండో మాటకు ఇంకో సరళరేఖ. రెండు మాటలూ నిజమయ్యే జత ఒక్కటే, రెండు రేఖలూ కలిసే చోటు. సమీకరణాన్ని గీతగా, గీతను సమీకరణంగా చూసే ఈ అలవాటు 1637లో డెకార్ట్ రాసిన జ్యామితి గ్రంథంతో ఐరోపాలో స్థిరపడింది. మహావీరుడికి బొమ్మ అక్కర లేకుండానే బిందువు దొరికింది.

బీకరులో మలుపు

ఇక్రిశాట్ ముందు నుంచి ముంబయి రహదారి మీద ముందుకు వెళ్తే ఇస్నాపూర్ చౌరస్తా, అక్కణ్నుంచి లోపలికి పాశమైలారం. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడల్లో మందుల ముడిసరుకు తయారుచేసే కర్మాగారాలు చాలా ఉన్నాయి. మందుల కర్మాగారం ఉన్నచోట ల్యాబ్ ఉంటుంది, ల్యాబ్ ఉన్నచోట టైట్రేషన్ ఉంటుంది. ఒక ద్రవంలో ఆమ్లం ఎంత ఉందో తెలుసుకోవాలంటే బ్యూరెట్ నుంచి క్షారాన్ని కొద్దికొద్దిగా వదులుతూ, ఆమ్లం మొత్తం విరిగిపోయిన క్షణాన్ని పట్టుకోవాలి. ఆ క్షణమే ఎండ్ పాయింట్. మామూలుగా ఒక చుక్క ఇండికేటర్ వేస్తే రంగు మారి చెబుతుంది. మరి ద్రవమే ముదురు గోధుమ రంగులోనో, మడ్డిగానో ఉంటే? రంగు మారినా కంటికి తెలియదు.

అప్పుడు కండక్టివిటీ మీటరు ఆదుకుంటుంది. బీకరులో దాని ప్రోబ్ ముంచుతారు. అడుగున చిన్న అయస్కాంతపు ముక్క గిరగిరా తిరుగుతూ ద్రవాన్ని కలుపుతుంటుంది. మీటరు చెప్పేది ఒక్కటే, ఈ ద్రవం గుండా కరెంటు ఎంత సులువుగా పోతోందో. బీకరులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉందనుకుందాం. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు మహా చురుకైనవి. ఒక నీటి అణువు నుంచి పక్క నీటి అణువుకు చేతులు మారుతూ పోతాయి కాబట్టి వాటి వేగం మిగతా అయాన్లకు రాదు. సోడియం హైడ్రాక్సైడ్ పోస్తుంటే ఈ చురుకైన హైడ్రోజన్లు ఒక్కొక్కటే హైడ్రాక్సైడ్‌తో కలిసి నీరైపోతాయి, వాటి చోటులోకి మందకొడి సోడియం అయాన్లు వస్తాయి. మీటరు అంకె తిన్నగా దిగుతూ పోతుంది. ఆమ్లం అయిపోయాక కూడా క్షారం పోస్తూనే ఉంటే? ఇక హైడ్రాక్సైడ్‌ను మింగేవాళ్లు లేరు. అవీ చురుకైనవే. మీటరు అంకె తిన్నగా ఎక్కడం మొదలుపెడుతుంది.

సజ్జ గింజది ఎక్కి దిగే గీత, బీకరుది దిగి ఎక్కే గీత. 4 మిల్లీలీటర్ల దగ్గర మీటరు 80 చూపింది, 8 దగ్గర 56. 16 దగ్గర 46.5, 20 దగ్గర 66.5. (ఇవీ ఉదాహరణ కోసం తీసుకున్న అంకెలే, కానీ నిజం బీకరులోనూ దిగే గీత ఎక్కే గీత కంటే కాస్త నిటారుగానే ఉంటుంది.) మొదటి గీత మిల్లీలీటరుకు 6 దిగుతోంది, రెండోది 5 ఎక్కుతోంది. 8 దగ్గర ఆగి రెండో గీతను వెనక్కి పొడిగిస్తే దాని ఎత్తు 6.5. ఎడం 49.5, మిల్లీలీటరుకు 11 చొప్పున తరుగుతోంది, కాబట్టి 4.5 మిల్లీలీటర్ల తర్వాత కలుస్తాయి. ఆమ్లం 12.5 దగ్గర విరిగింది. ఇండికేటర్‌తో చేసేటప్పుడు ఒక్క చుక్క ఎక్కువ పడితే మళ్లీ మొదటి నుంచీ చేయాలి. ఇక్కడ ఎండ్ పాయింట్‌ను దాటి 20 దాకా ధైర్యంగా పోయవచ్చు. దాటితేనే రెండో గీత దొరుకుతుంది మరి.

ఇంకో సంగతి ఈ పని చేసేవాళ్లకు అనుభవం మీద తెలుస్తుంది. మలుపు దగ్గర పడ్డ చుక్కల్ని గీతలోకి తీసుకోకూడదు. బలహీనమైన ఆమ్లాలతో అక్కడ మూల గుండ్రబడుతుంది, రెండు ప్రక్రియలూ కొంత కలగలిసి నడుస్తాయి. మలుపుకు దూరంగా ఉన్న చుక్కలే ఏ గీతకు చెందుతాయో స్పష్టంగా చెబుతాయి.

గీతలు వాలి కలిస్తే

రెండు గీతలు నిటారుగా ఢీకొన్నట్టు కలిస్తే బిందువు గట్టిగా నిలబడుతుంది. మన బీకరు లెక్కలో మీటరు ఒక గీతను ఒక అంకె ఎక్కువ చూపిందనుకుందాం. ఎడం 49.5 కాస్తా 50.5 అవుతుంది. 11తో భాగిస్తే జవాబు 0.1 మిల్లీలీటరు కూడా మారదు.

గీతలు ఒకదాని మీదికొకటి వాలి, దాదాపు పక్కపక్కనే నడుస్తూ కలిస్తే కథ వేరు. ఎడం మిల్లీలీటరుకు 11 కాకుండా 0.5 చొప్పునే తరుగుతుంటే, అదే ఒక అంకె తప్పు జవాబును 2 మిల్లీలీటర్లు పక్కకు నెడుతుంది. కొలత తప్పు అదే, మీటరూ అదే. గీతల మధ్య కోణం దాన్ని ఇరవై రెట్లకు పైగా పెంచేసింది. ఇక ఎడం ఏమాత్రం తరగకపోతే గీతలు సమాంతరం, భాగించడానికి సున్నా మిగులుతుంది. అప్పుడు బీజగణితం జవాబు లేదనే చెబుతుంది. రెండు గీతలూ ఒకదానిపై ఒకటి పడితే ప్రతి బిందువూ జవాబే.

పారిశ్రామికవాడ వ్యర్థజలాల దగ్గర ఈ పద్ధతి తడబడేది అందుకే. నక్కవాగు గుండా మంజీరలో కలిసిన కాలుష్యం మీద ఈ ప్రాంతం దశాబ్దాలుగా పోరాడింది, కోర్టులకెక్కింది. అలాంటి నీటిలో లవణాలు ముందే విపరీతంగా ఉంటాయి. కరెంటును మోసే అయాన్లు బీకరు నిండా ఉన్నప్పుడు, ఆమ్లం విరగడం వల్ల వచ్చే దిగుడూ ఎక్కుడూ ఆ పెద్ద అంకెలో చిన్న అలల్లా కనిపిస్తాయి. మీటరులోని చిన్న తడబాటే మలుపును కప్పేస్తుంది. అక్కడ ఆమ్లతను నేరుగా కొలిచే పీహెచ్ మీటరు మేలు. ఏ సాధనమైనా గీతలు బాగా విడిపోయేచోట వాడాలి.

రెండు వంగడాలు, ఒక చేను

కలిసే బిందువు విలువ రైతుకు నేరుగా తగిలేది వంగడాల ఎంపికలో. 1963లో ఆస్ట్రేలియాలో ఫిన్లే, విల్కిన్సన్ అనే ఇద్దరు బార్లీ రకాల మీద ఒక కొత్త చూపు ప్రవేశపెట్టారు. ఒక రకాన్ని అనేక చోట్ల, అనేక సంవత్సరాలు వేసి చూడాలి. ఆ చోట, ఆ ఏడు అన్ని రకాల సగటు దిగుబడి ఎంతో దాన్నే ఆ చేను బలానికి కొలతగా తీసుకోవాలి. చేను బలం పెరిగేకొద్దీ ఈ రకం ఎంత పెరిగిందో గీత గీయాలి. ప్రపంచమంతా వంగడాలు తయారుచేసేవాళ్లు ఇప్పటికీ ఈ ఆలోచనను ఏదో ఒక రూపంలో వాడుతున్నారు. ఇక్రిశాట్ క్షేత్రంలో ఎర్రనేలలూ నల్లరేగళ్లూ రెండూ ఒకే ప్రహరీ లోపల ఉన్నాయి. ఒకే వాన రెండు నేలల మీద ఎలా పనిచేస్తుందో పక్కపక్కనే చూసే వీలు అక్కడ ఉంది.

ఒక స్థానిక సజ్జ, ఒక హైబ్రిడ్ సజ్జ తీసుకుందాం. ఎకరానికి సగటున 5 క్వింటాళ్లు వచ్చే పేద చేనులో స్థానికం 6 ఇచ్చింది, హైబ్రిడ్ 4. సగటున 15 వచ్చే బలమైన చేనులో స్థానికం 12, హైబ్రిడ్ 18. పేద చేనులో ఎడం 2. చేను బలం ఒక క్వింటాలు పెరిగితే స్థానికం 0.6, హైబ్రిడ్ 1.4 పెరుగుతాయి, ఎడం 0.8 తరుగుతుంది. 2ను 0.8తో భాగిస్తే 2.5. సగటున 7.5 క్వింటాళ్లు వచ్చే చేనులో రెండూ సమానం. అంతకంటే బలమైన చేనుకు హైబ్రిడ్, పేద చేనుకు స్థానికం.

పరిశోధన క్షేత్రం చాలావరకు ఎరువూ తడీ చక్కగా అందిన చేను. అక్కడ మాత్రమే పోటీ పెడితే ప్రతిసారీ హైబ్రిడ్ గెలుస్తుంది. మంచి విత్తనమని తెచ్చుకున్న రకం తన చెల్కలో ఎందుకు నిరాశ పరిచిందో రైతుకు అర్థం కాదు, పరిశోధకుడికీ అర్థం కాదు. ఇద్దరూ కలిసే బిందువుకు చెరో వైపున నిలబడి మాట్లాడుతున్నారు. ఈ విషయం వంగడాల ప్రచార పత్రాల్లో స్పష్టంగా రాసి తీరాలని నా గట్టి అభిప్రాయం. ‘ఎకరానికి ఇన్ని క్వింటాళ్లు’ అనే ఒక్క అంకె రైతుకు గీత మీద ఒక చుక్కను మాత్రమే ఇస్తుంది. ఒక చుక్కతో గీత గీయలేం.

ఇక్కడ గీతలు బీకరులో లాగా నిటారుగా ఢీకొనవు. వాన ఒక ఏడు ముందొస్తుంది, ఒక ఏడు కంకి దశలో ముఖం చాటేస్తుంది, గీతలు కొంచెం అటూ ఇటూ ఊగుతాయి. దాంతో 7.5 అనేది ఒక బిందువుగా కాక 6 నుంచి 9 దాకా పరుచుకున్న పట్టీ అయిపోవచ్చు. ఆ పట్టీలో పడే చేలకు దిగుబడి లెక్క ఏ రకం వైపూ తీర్పు చెప్పదు. అక్కడ చూసుకోవలసింది పశువులకు చొప్ప ఎంత వస్తుంది, పంట ఎన్ని రోజులకు చేతికొస్తుంది, వెర్రి కంకి తెగులును ఏది తట్టుకుంటుంది అన్నవి. హైబ్రిడ్ విత్తనం ఏటేటా కొనాలి, స్థానికం గింజను కుండలో దాచుకుని వచ్చే ఏడు మళ్లీ వేసుకోవచ్చు.